ఒకసారి వచ్చిపోయింది కాబట్టి మళ్ళీ రాదా?

(కార్మికుల ఆరోగ్య సభలో యూనియన్ ఆరోగ్య కమిటీ తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పగటి పాళి దిగి నేరుగా ఇక్కడికి వచ్చినవాళ్ళు చాలామంది ఉన్నారు. రాత్రి పాళికి పోవలసినవాళ్ళూ ఉన్నారు. అందుకని ఆలస్యం చేయకుండా విషయానికి వస్తాం.

మన మిల్లుల్లో, కార్ఖానాల్లో ఒక మాట తరచుగా వినిపిస్తోంది. జ్వరం, దగ్గు పట్టుకుని సుట్టి అడగబోయిన మనిషితో "నీకు పోయినేడే వచ్చిపోయింది గదా, మళ్ళీ ఎట్ల వస్తది? ఒకసారి వచ్చినోళ్ళకు మళ్ళీ రాదు, పనికి రా" అంటున్నారు. ఈ మాట సేట్లు, ముకద్దములే అంటే మేము ఇంత విచారపడేవాళ్ళం కాదు. పక్క మాగం మీద నిలబడి పనిచేసే మన అన్నలూ అంటున్నారు. "నాకు వచ్చిపోయింది, ఇక నాకేం భయం లేదు" అని మనకు మనమే చెప్పుకుంటున్నాం. మొదటివాళ్ళ మాటవల్ల మన పగారు పోతుంది. రెండో మాటవల్ల ఇంట్లో ముసలివాళ్ళ ప్రాణం మీదికి వస్తుంది. అందుకే ఈ సభలో ఈ ఒక్క ప్రశ్నే తీసుకున్నాం. జలుబు, ఫ్లూ, కరోనా వంటి శ్వాసకోశ జబ్బులు ఒకసారి వచ్చి తగ్గినవాళ్ళకు మళ్ళీ వస్తాయా? వస్తే ఎంత తరచుగా వస్తాయి?

మా జవాబు ముందే చెప్తాం. మళ్ళీ వస్తాయి. కొందరికి నెలల్లో వస్తాయి, చాలామందికి ఒకటి రెండేళ్ళలో వస్తాయి. అయితే మొదటిసారి వచ్చిపోయిన జబ్బు ఉత్తగా పోదు. అది మనకు కొంత బలం ఇచ్చి పోతుంది. ఆ బలం ఎంత, ఎన్నాళ్ళు, ఎక్కడ పనికివస్తుంది, ఎక్కడ పనికిరాదు అన్నది తెలుసుకోవాలి.

ఈ నమ్మకం ఎక్కడ పుట్టింది?

మన పెద్దవాళ్ళు అబద్ధం చెప్పలేదు. తట్టు (ఇక్కడ గోవర్ అంటారు) ఒకసారి వచ్చినవాళ్ళకు మళ్ళీ రాకపోవడం వాళ్ళు కళ్ళారా చూశారు. దీనికి చరిత్రలో గట్టి సాక్ష్యం ఉంది. ఉత్తర అట్లాంటిక్ సముద్రంలోని ఫారో దీవులకు 1846లో తట్టు వచ్చింది. దాదాపు 7,800 మంది జనంలో సుమారు 6,000 మంది పడకేశారు. పానుమ్ అనే యువ డాక్టరు అక్కడికి పోయి ఇల్లిల్లూ విచారించాడు. అంతకుముందు ఆ దీవులకు తట్టు వచ్చింది 1781లో. అప్పుడు పిల్లలుగా ఉండి తట్టు పోసినవాళ్ళు 65 ఏళ్ళ తర్వాత ముసలివాళ్ళయి ఉన్నారు. వాళ్ళలో ఒక్కరికీ మళ్ళీ రాలేదని ఆయన రాశాడు.

అంటే "ఒకసారి వస్తే మళ్ళీ రాదు" అన్నది తట్టు విషయంలో నిజం. పొరపాటు ఎక్కడ జరుగుతోందంటే, తట్టుకు పనికివచ్చే మాటను తీసుకొచ్చి జలుబుకు, ఫ్లూకు, కరోనాకు అంటగడుతున్నాం. అన్ని నూళ్ళూ ఒక నెంబరు కానట్టే అన్ని వైరస్‌లూ ఒక జాతి కావు.

మళ్ళీ వస్తుందనడానికి రుజువులు

కరోనా మాట రాకముందే ఈ సంగతి శాస్త్రజ్ఞులకు తెలుసు. ఇంగ్లండులో సాల్స్‌బరీ దగ్గర జలుబు మీద పరిశోధన చేసే కేంద్రం ఒకటి ఉండేది. 1990లో అచ్చయిన వాళ్ళ పరిశోధన ఒకటి చూడండి. మామూలు జలుబు తెచ్చే 229ఇ అనే కరోనా జాతి వైరస్‌ను 15 మంది వాలంటీర్ల ముక్కుల్లో వేశారు. 10 మందికి సోకింది. ఏడాది గడిచాక, ముందు సోకినవాళ్ళలో 9 మందికి మళ్ళీ అదే వైరస్ వేశారు. 6 మందికి మళ్ళీ సోకింది. కాని ఆ ఆరుగురిలో ఒక్కరికీ జలుబు బయటపడలేదు. వైరస్ మాత్రం వాళ్ళ ముక్కుల్లో కొద్దిరోజులు పెరిగింది. ఈ లెక్కను బాగా గుర్తుపెట్టుకోండి. మనిషికి బాగానే ఉంటుంది, కాని వైరస్ అతనిలో ఉంటుంది.

నెదర్లాండ్స్‌లోని ఆమ్‌స్టర్‌డామ్‌లో 10 మంది ఆరోగ్యవంతులైన మగవాళ్ళ రక్త నమూనాలను 1985 నుంచి ముప్ఫై అయిదేళ్ళపాటు దాచి, 2020లో పరీక్షించి ఫలితాలు ప్రకటించారు. జలుబు తెచ్చే నాలుగు రకాల కరోనా వైరస్‌లు వాళ్ళకు జీవితంలో పదేపదే సోకాయి. ఒకే రకం మళ్ళీ సోకడం ఎక్కువగా 12 నెలలకు కనిపించింది.

పిల్లలకు ఊపిరితిత్తుల జబ్బు తెచ్చే ఆర్.ఎస్.వి. అనే వైరస్ మరీ మొండిది. 1991లో అచ్చయిన అమెరికా పరిశోధనలో 15 మంది పెద్దవాళ్ళకు కొన్ని నెలలకొకసారి ఆ వైరస్‌ను మళ్ళీ మళ్ళీ వేసి చూశారు. రెండు నెలల లోపే సుమారు సగం మందికి, ఎనిమిది నెలలకు మూడింట రెండు వంతుల మందికి మళ్ళీ సోకింది.

ఇక ఫ్లూ. అట్లాంటిక్ మధ్యలో ట్రిస్టన్ డా కున్హా అనే చిన్న దీవి ఉంది. 1971లో ఒక ఓడ వచ్చిపోయిన తర్వాత అక్కడ ఫ్లూ పుట్టింది. దీవిలో ఉన్నది 284 మంది. 273 మంది జబ్బు పడ్డారు. వాళ్ళలో 92 మంది అదే విడతలో రెండోసారి కూడా పడ్డారు. అంటే దీవిలో ప్రతి ముగ్గురిలో దాదాపు ఒకరు కొద్ది వారాల్లోనే రెండుసార్లు మంచమెక్కారు. "వాళ్ళు నాటకం ఆడారు" అని ఎవరనగలరు?

కరోనా లెక్కలు

2020 ఆగస్టులో హాంగ్‌కాంగ్ నుంచి మొదటి గట్టి రుజువు వచ్చింది. 33 ఏళ్ళ మనిషికి మొదటిసారి వచ్చిన 142 రోజులకు మళ్ళీ సోకింది. రెండు సార్లూ వైరస్ జన్యు రాత వేరువేరుగా ఉంది కాబట్టి పాతది మిగిలిపోయిందనడానికి వీల్లేదు. రెండోసారి అతనికి ఏ బాధా లేదు. విమానాశ్రయంలో పరీక్ష చేస్తే బయటపడింది.

మన దేశంలో ఐ.సి.ఎం.ఆర్. శాస్త్రజ్ఞులు 2020 నాటి రికార్డులనుంచి 1,300 మందిని తీసుకుని చూశారు. రెండు పాజిటివ్ రిపోర్టుల మధ్య కనీసం 102 రోజులు ఉండాలి, నడుమ ఒక నెగటివ్ రిపోర్టు కూడా ఉండాలి అని గట్టి నియమం పెట్టుకున్నారు. అలా చూసినా 58 మంది తేలారు. నూటికి నాలుగున్నర. పరీక్ష చేయించుకున్నవాళ్ళే ఈ లెక్కలోకి వస్తారు. కషాయం తాగి పనికి పోయినవాడు ఏ లెక్కలోనూ ఉండడు. కాబట్టి ఇలాంటి అంకెలు ఉన్నదానికన్నా తక్కువే చూపిస్తాయి.

బ్రిటన్‌లో 25 వేలకు పైగా ఆస్పత్రి సిబ్బందిని వరుసగా పరీక్షిస్తూ పోయారు. 2021లో వచ్చిన ఫలితం ప్రకారం, ముందు వచ్చిపోయినవాళ్ళకు మళ్ళీ సోకే ప్రమాదం సుమారు ఏడు నెలలపాటు 84 శాతం తక్కువ. ఈ శాతం అంటే ఏమిటో విప్పి చెప్తాం. ఎప్పుడూ రానివాళ్ళు 100 మంది పడే చోట, ఒకసారి వచ్చినవాళ్ళు 16 మంది పడతారు. అదే ఏడాది డెన్మార్క్ లెక్కల్లో మొత్తం మీద 80 శాతం రక్షణ కనిపించింది గాని, 65 ఏళ్ళు దాటినవాళ్ళలో అది 47 శాతమే. మన ఇళ్ళలోని తాతలు, నానమ్మలు ఈ రెండో అంకెలోకి వస్తారు.

ఆ తర్వాత వైరస్ వేషం మార్చింది. 2021 నవంబరులో దక్షిణాఫ్రికా నుంచి ఒమిక్రాన్ వార్త వచ్చింది. ఖతార్ దేశపు లెక్కల్లో, పాత జబ్బు ఇచ్చిన రక్షణ డెల్టా రకం మీద 92 శాతం ఉంటే, ఒమిక్రాన్ మీద 56 శాతానికి పడిపోయింది. అంటే 8 మంది పడే చోట 44 మంది పడ్డారు. 2023లో 19 దేశాల 65 పరిశోధనలను కలిపి లెక్కకట్టారు. పాత జబ్బు వచ్చిన 40 వారాలకు, ఒమిక్రాన్‌కు ముందరి రకాల మీద రక్షణ 79 శాతం దగ్గర ఉంది. ఒమిక్రాన్ మొదటి రకం మళ్ళీ సోకకుండా ఆపేది మాత్రం 36 శాతమే. కాని ఆస్పత్రిపాలు కాకుండా, చావు రాకుండా కాపాడే బలం అప్పటికీ 89 శాతం దగ్గర నిలిచింది.

ఇవాళ్టి మాట సారమంతా ఈ రెండు అంకెల్లో ఉంది. పాత జబ్బు మనల్ని చావునుంచి చాలావరకు కాపాడుతుంది, మళ్ళీ సోకకుండా మాత్రం ఎక్కువకాలం కాపాడదు.

ఎందుకు ఇలా జరుగుతుంది?

మిల్లు గేటు దగ్గర వాచ్‌మన్ ఉంటాడు. లోపల ప్రతి ఖాతాలో పని తెలిసినవాళ్ళు ఉంటారు. ఒంట్లో కూడా అంతే. జబ్బు తగ్గిన కొత్తలో ముక్కు, గొంతు దగ్గర యాంటీబాడీలు అనే కాపలావాళ్ళు నిండుగా ఉంటారు. కొన్ని నెలలు పోతే వాళ్ళు పలచబడతారు. లోపలి జ్ఞాపక కణాలు మాత్రం ఏళ్ళ తరబడి ఉంటాయి. శత్రువు ఎవరో వాటికి గుర్తే. కాని అవి లేచి, మందిని కూడగట్టడానికి కొన్ని రోజులు పడుతుంది. తట్టు వైరస్ ఒళ్ళంతా పాకి జబ్బు బయటపడడానికి పది రోజులకు పైనే పడుతుంది. ఈలోగా జ్ఞాపక కణాలు లేచి దాన్ని పట్టుకుంటాయి. జలుబు, ఫ్లూ, ఇప్పటి కరోనా రకాలు ముక్కు గొంతుల్లోనే రెండు మూడు రోజుల్లో పెరిగిపోతాయి. ఒళ్ళు తేరుకునేసరికి దగ్గు మొదలయి ఉంటుంది. ఊపిరితిత్తులకు దిగే లోపల మాత్రం దాన్ని అడ్డుకోగలదు.

రెండో కారణం వేషం మార్చడం. చద్దరును మనం అంచు చూసి, డిజైను చూసి గుర్తుపడతాం. జాకార్డు కార్డులు మార్చితే అదే మాగం మీద, అదే నూలుతో వేరే డిజైను దిగుతుంది. ఫ్లూ, కరోనా వైరస్‌లు తమ పై పొర డిజైనును ఇలాగే మార్చుకుంటూ పోతాయి. పాత డిజైను గుర్తుపెట్టుకున్న కాపలావాడు కొత్తదాన్ని సగమే గుర్తుపడతాడు. టీకా విషయంలోనూ ఇదే. టీకా వేసుకున్నవాళ్ళకు మళ్ళీ వచ్చిందని టీకా దండగ అనకండి. ప్రాణం మీదికి రాకుండా ఆపడం దాని ముఖ్యమైన పని. ఆ పని అది చేస్తుంది.

ఏది రెండోసారి, ఏది కాదు?

దగ్గిన ప్రతిసారీ అదే వైరస్ అనుకోకూడదు. మూడు సంగతులు వేరుచేసి చూసుకోవాలి.

మొదటిది. జబ్బు తగ్గిన కొద్ది వారాలకే పరీక్ష చేస్తే మళ్ళీ పాజిటివ్ రావచ్చు. 2020లో దక్షిణ కొరియాలో ఇలాంటివాళ్ళు 285 మందిని విచారించారు. వాళ్ళనుంచి బతికి ఉన్న వైరస్ దొరకలేదు. వాళ్ళవల్ల కొత్తగా ఎవరికైనా సోకిందనడానికి ఆధారం దొరకలేదు. అది చచ్చిన వైరస్ ముక్కల గుర్తు. అలాంటి మనిషిని వాడకట్టులో వెలివేసినట్టు చూడడం తప్పు.

రెండోది. వారాంతపు సుట్టి తర్వాత పనికి వచ్చిన మొదటి రోజే ఛాతీ పట్టేసినట్టు ఉండి, ఆయాసం వస్తే అది పత్తి దుమ్మువల్ల వచ్చే బిసినోసిస్ కావచ్చు. బ్లోరూములో, కార్డింగులో పనిచేసేవాళ్ళకు ఇది ఎక్కువ. చట్టం గుర్తించిన వృత్తి వ్యాధి ఇది. దీన్ని "సర్ది" అని రాయించుకుని ఊరుకోవద్దు.

మూడోది. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే క్షయ పరీక్ష చేయించుకోవాలి. సర్కారు దవాఖానాలో కళ్ళె పరీక్ష, మందులు ఉచితం.

రెండోసారి తేలికగానే పోతుందా?

చాలామందికి తేలికగా పోతుంది. అందరికీ పోతుందని హామీ లేదు. అమెరికాలో మాజీ సైనికుల వైద్య రికార్డులు చూసి 2022లో ప్రకటించిన పరిశోధన ఒకటి ఉంది. ఒకసారితో ఆగినవాళ్ళకన్నా, మళ్ళీ సోకినవాళ్ళలో ఆస్పత్రిపాలు కావడం, గుండె, ఊపిరితిత్తుల బాధలు రావడం ఎక్కువగా కనిపించింది. వాళ్ళలో ఎక్కువమంది వయసు మళ్ళిన మగవాళ్ళు కాబట్టి ఆ లెక్కను మన కుర్రవాళ్ళకు అలాగే అంటించకూడదు. కాని షుగరు ఉన్నవాళ్ళు, గుండె జబ్బు ఉన్నవాళ్ళు, గర్భిణులు, ఇరవై ఏళ్ళు దుమ్ము పీల్చి ఊపిరితిత్తులు దెబ్బతిన్నవాళ్ళు మన ఖాతాల్లో ఎంతమంది లేరు? వాళ్ళకు ప్రతి దఫా కొత్త దెబ్బే.

సాల్స్‌బరీ లెక్క గుర్తుంది కదా. జలుబు కూడా రాకుండా వైరస్‌ను ముక్కులో మోసినవాళ్ళు ఉన్నారు. షోలాపూర్ పూర్వభాగంలోనైనా, భీవండి పద్మనగర్‌లోనైనా మనం ఉండేది చిన్న ఖోలీలు. పాళి నుంచి వచ్చిన కొడుక్కి ఒక పూట ముక్కు కారి తగ్గుతుంది. అదే ఖోలీలో బీడీలు చుట్టుకుంటూ కూర్చున్న తల్లికి న్యుమోనియా అవుతుంది. "నాకేం కాదు" అన్నమాట నిజమైనా, "మన ఇంటికేం కాదు" అన్నమాట నిజం కాకపోవచ్చు.

మన పనిచోటు సంగతి

నూలు తెగకుండా ఉండాలని షెడ్డులో తేమ నిలుపుతారు. దానికోసం కిటికీలు మూస్తారు. మాగాల చప్పుడులో మాట వినపడదు కాబట్టి చెవి దగ్గర నోరుపెట్టి అరుస్తాం. అరిచినప్పుడు మామూలు మాటకన్నా ఎక్కువ తుంపరలు గాలిలోకి పోతాయి. ఒక పాళి దిగకముందే రెండో పాళి వచ్చి అదే సందులో నిలబడుతుంది. ఇంకా ఎక్కడైనా కండె మార్చినప్పుడు షటిల్ కన్నంలోంచి దారాన్ని నోటితో పీల్చే అలవాటు మిగిలి ఉంటే, అది ఇవాళే మానండి. ఒకరి ఉమ్మి ఇంకొకరి నోట్లోకి పోయే దారి అది.

మనం చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. దగ్గు, జ్వరం ఉన్నప్పుడు పనికి పోకుండా ఉండాలి. పోక తప్పకపోతే ముక్కు, నోరు రెండూ మూసే మాస్కు కట్టుకోవాలి. ఎన్-95 అయితే దుమ్ముకూ పనికివస్తుంది. తిండి సుట్టిలో ఒక్క మూల గుంపు కూడకుండా బయట గాలిలో కూర్చోవాలి. ఇంట్లో జబ్బు మనిషి పడుకునేచోట కిటికీ తెరిచి ఉంచాలి. ఊపిరి ఆడకపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా, పెదవులు నీలబడినా వెంటనే దవాఖానాకు పోవాలి. "పోయినసారి ఇంట్లోనే తగ్గింది" అని ఆగవద్దు.

సుట్టి, పగారు, హక్కు

ఇక అసలు చోటికి వస్తాం. దగ్గుతో ఉన్న మనిషి పనికి ఎందుకు పోతాడు? తెలివిలేక కాదు. మీటరు లెక్కన పగారు తీసుకునేవాడికి మాగం ఆగితే ఆ రోజు పొయ్యి ఆగుతుంది.

ఈ.ఎస్.ఐ. కార్డు ఉన్నవాళ్ళు వినండి. 1948 నాటి ఈ.ఎస్.ఐ. చట్టం కింద వచ్చిన ఏర్పాటు ప్రకారం, చందా రోజులు సరిపడా ఉంటే, డాక్టరు సర్టిఫికెట్ మీద పగారులో 70 శాతం లెక్కన ఏడాదికి 91 రోజులవరకు జబ్బు భత్యం వస్తుంది. కొత్తగా జబ్బు పడినప్పుడు మొదటి రెండు రోజులకు డబ్బు రాదు. ముందరి జబ్బు సెలవు అయిపోయిన 15 రోజుల లోపల మళ్ళీ పడితే ఆ రెండు రోజుల కోత ఉండదు. చూశారా? జబ్బు తిరగబెడుతుందని, మళ్ళీ వస్తుందని ఈ నిబంధన రాసినవాళ్ళకే తెలుసు. ఒకే జబ్బుకు ఒకేసారి భత్యం అన్న నియమం అందులో లేదు. 2025 నవంబరు 21 నుంచి సామాజిక భద్రతా నియమావళి అమల్లోకి వచ్చింది కాబట్టి క్లెయిము పెట్టేముందు బ్రాంచి ఆఫీసులో ఒకసారి అడిగి సరిచూసుకోండి. కాగితం రాయడం రాకపోతే యూనియన్ ఆఫీసుకు రండి, మేము రాసిపెడతాం.

పవర్‌లూమ్ కార్ఖానాల్లో చాలామందికి ఈ కార్డే లేదు. కాబట్టి యజమానుల ముందు ఈ కోర్కెలు పెడుతున్నాం. అర్హత ఉన్న ప్రతి కార్మికుణ్ణీ ఈ.ఎస్.ఐ.లో చేర్చాలి. జ్వరం, దగ్గు ఉన్న మనిషిని మొదటిసారా, రెండోసారా అని అడగకుండా సుట్టి ఇవ్వాలి. తిరిగి వచ్చేసరికి అతని మాగం అతనికే ఉండాలి. షెడ్డులో చెడ్డ గాలిని బయటికి లాగే పంకాలు పెట్టాలి.

మనవాళ్ళను కూడా ఒకటి అడుగుతున్నాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న కరోనా అత్యవసర స్థితి ముగిసిందని ప్రకటించింది. వైరస్ ముగిసిందని ప్రకటించలేదు. 2025 మే, జూన్ నెలల్లో మన దేశంలో కేసులు మళ్ళీ కొంత పెరిగాయి. ఫ్లూ ఏటా వస్తూనే ఉంది. రేపు మీ పక్క మాగం మనిషి రెండోసారో, మూడోసారో పడకేస్తే "నాటకం" అనకండి. అతని మాగాన్ని కాసేపు చూసుకోండి. ఎల్లుండి అతను మీ మాగం చూసుకుంటాడు. సేటుతో మాట్లాడడానికి అతన్ని ఒంటరిగా పంపకండి, నలుగురు కలిసి పొండి. జబ్బు మళ్ళీ వస్తుందన్న నిజం నలుగురి నోట ఒకేసారి వస్తే, దాన్ని కాదనడం ఎవరికైనా కష్టం.

కార్మికుల ఐక్యత వర్ధిల్లాలి!